టకానిని గుర్రాలు, కేంబ్రిడ్జి ఇసుక

టకానిని అనగానే ఆక్లండ్ తెలుగువాళ్ళకు మొదట గుర్తుకు వచ్చేది గురుద్వారా. 2005లో అక్కడ శ్రీ కల్గీధర్ సాహిబ్ గురుద్వారా తెరిచినప్పటినుంచీ, ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, లంగరులో పప్పూ రొట్టే తిని, దారిలో కూరగాయలు కొనుక్కుని రాని కుటుంబం మనలో తక్కువే. ఈ మధ్య ఇళ్ళు కొనుక్కుని అక్కడే స్థిరపడినవాళ్ళూ చాలామంది ఉన్నారు. అయితే వాళ్ళలో ఎవరినైనా "మీ ఊరు దేనికి ప్రసిద్ధి?" అని అడిగి చూడండి. గురుద్వారా అంటారు, రైలుగేట్ల దగ్గర కార్లు బారులు తీరి ఆగిపోవటం అంటారు. గుర్రాల మాట ఒక్కరూ ఎత్తరు.

ఊరి పేరు ఇహాకా టకానిని అనే మావోరీ పెద్దది. 1863లో వైకాటో యుద్ధం మొదలైనప్పుడు ప్రభుత్వం ఆయనను కుటుంబంతో సహా నిర్బంధించింది. మరుసటి సంవత్సరం రాకినో దీవిలో, ఆ నిర్బంధంలోనే ఆయన చనిపోయాడు. నేల పోగొట్టుకున్న మనిషి పేరు నేలకు మిగిలింది. ఆ నేలకు కూడా ఒక స్వభావం ఉంది. ఊరికి తూర్పువైపు చాలాచోట్ల పీట్ నేల, అంటే వేల ఏళ్ళుగా ఆకూ అలమూ చివికి పేరుకున్న నల్లని మెత్తటి నేల. తడి ఉన్నంతకాలం పొంగి నిలుస్తుంది, ఆరిపోతే కుంగుతుంది. అందుకే ఇక్కడ కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళు వాననీటిని కొంత మళ్ళీ నేలలోకే ఇంకేటట్టు చెయ్యాలి. మన ఊళ్ళో నల్లరేగడిలో పునాది వేసినవాళ్ళకు ఈ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వరసగా ఒకే నమూనా ఇళ్ళు కనిపించే ఈ చుట్టుపక్కల ఒకప్పుడు గుర్రపుశాలలు, కసరత్తు ట్రాకులు ఉండేవి. 1993లో ఆస్ట్రేలియాలో కాక్స్ ప్లేట్ గెలిచిన ద ఫాంటమ్ ఛాన్స్‌ను తయారు చేసిన కొలిన్ జిల్లింగ్స్, రిచర్డ్ యూయిల్ శాల టకానినిలోనిదే. వీటన్నిటినీ మించినది సన్‌లైన్.

సన్‌లైన్ 1995లో పుట్టిన ఆడగుర్రం. టకానినిలో ట్రెవర్ మెకీ, ఆయన కొడుకు స్టీఫెన్ దాన్ని పెంచి తయారు చేశారు. 48 సార్లు పరుగెత్తి 32 సార్లు గెలిచింది. 1999లోనూ 2000లోనూ కాక్స్ ప్లేట్ దానిదే. రెండోసారి ఏడు గుర్రాల పొడవు దూరంలో గెలిచింది. 2000 డిసెంబరులో హాంకాంగ్ మైలు గెలిచింది. 2002లో సిడ్నీలో డాన్‌కాస్టర్ హ్యాండికాప్‌ను వీపుమీద 58 కిలోలతో గెలిచింది. ఈ 58 కిలోల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడినుంచే మొదలవుతుంది.

హ్యాండికాప్ పందెంలో బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, అంతంతమాత్రం గుర్రానికి తక్కువ బరువు మోపుతారు. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసపు పలకలు పెడతారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గమ్యం చేరాలన్నది ఆ బరువులు నిర్ణయించే అధికారి కోరిక. ఆ కోరిక ఏనాడూ తీరదనుకోండి. ఇక్కడ ప్రతి గుర్రానికీ గత పరుగులను బట్టి ఒక రేటింగు ఇస్తారు. ఒక్కొక్క రేటింగు పాయింటుకు అర కిలో. గెలిస్తే రేటింగు పెరుగుతుంది, ఓడుతూ పోతే తగ్గుతుంది. మైలు పందెంలో ఒకటిన్నర కిలో దాదాపు ఒక గుర్రం పొడవుకు సమానమని పాతకాలంనుంచీ వాడుకలో ఉన్న లెక్క. ఇది అధికారి చేసే హ్యాండికాపింగు. రెండోది పందెం కాసేవాడు చేసేది. గత పరుగుల పట్టిక ముందు పెట్టుకుని, దూరం, బరువు, జాకీ, వాతావరణం చూసి, అధికారి లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవటం. అమెరికాలో హ్యాండికాపర్ అంటే ఈ రెండోవాడే.

ఇద్దరికీ ఆధారం ఒక్కటే: నిన్నటి పరుగు రేపటికి సాక్ష్యం చెబుతుందన్న నమ్మకం. అయితే నిన్నటి పరుగు ఏ నేలమీద?

గుర్రప్పందెం అంటే మన ఇళ్ళల్లో ఒక భయం ఉంది. దానికి కారణం ఉంది. మలక్‌పేటలోనో గిండీలోనో తాతగారి మాగాణి కరిగిపోయిన కథ బంధువుల్లో ఎవరో ఒకరింట్లో ఉంటుంది. హైదరాబాదు పందేలు 1868లో మౌలాలీలో మొదలై, 1886లో ఆరో నిజాం కాలంలో మలక్‌పేటకు మారాయి. అంటే ఆ భయానికీ నూరేళ్ళు పైబడిన చరిత్ర ఉంది. సుప్రీంకోర్టు 1996లో, మద్రాసు రేసుక్లబ్బు కేసులో, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంమీద ఆధారపడిన ఆట అని తీర్పు చెప్పింది. తాతగారి మాగాణి ఆ తీర్పుతో తిరిగి రాలేదు.

ఈ నైపుణ్యం సంగతి మన భారతం ఏనాడో పట్టుకుంది. అరణ్యపర్వంలో నలోపాఖ్యానం గుర్తు తెచ్చుకోండి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడికి సారథిగా ఉంటాడు. గుర్రాల మనసు అతనికి తెలుసు, పాచికల మర్మం తెలియదు. ఋతుపర్ణుడు దారిలో తాండ్రచెట్టును ఒక్కచూపు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పగలడు, కాని గుర్రాలు అతని మాట వినవు. చివరికి ఒకరు అశ్వహృదయం ఇచ్చి, మరొకరు అక్షహృదయం ఇచ్చి, విద్యలు మార్చుకుంటారు. నేటి హ్యాండికాపర్లలో చాలామంది ఋతుపర్ణులే. ఆకులు లెక్కపెడతారు. కంప్యూటరు చేతికొచ్చాక మన ఇంజనీర్లలో ఈ జాతి మరీ పెరిగింది.

సరే, నేల సంగతి. న్యూజిలాండులో 2021 దాకా జీను వేసి పరుగెత్తించే పందేలన్నీ పచ్చికమీదే. అమెరికాలో ఉన్న మట్టి ట్రాకు ఇక్కడ లేదు. పచ్చికమీద గుర్రం మొదట్లో ఊపిరి దాచుకుని, చివరి రెండు మూడు ఫర్లాంగుల్లో విజృంభిస్తుంది. మట్టిమీద కథ వేరు. మొదటినుంచీ ముందుండి, వెనకవాళ్ళ ముఖాన మట్టి కొడుతూ పోయే గుర్రానిదే అక్కడ రాజ్యం. మట్టి పెళ్ళలు ముఖానికి తగులుతుంటే కొన్ని గుర్రాలు అసలు పరుగే మానుకుంటాయి.

పచ్చికకు వాన శత్రువు. మనకు ఆషాఢ శ్రావణాలు వచ్చేసరికి ఇక్కడ చలికాలం. వారాల తరబడి ముసురు. ట్రాకును రోజూ కొలుస్తారు. ఒక కడ్డీమీద బరువు జారవిడిచి, అది నేలలోకి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూస్తారు. ఆ కొలతనుబట్టి గుడ్, సాఫ్ట్, హెవీ అని పేర్లు, పక్కన ఒక అంకె. అంకె పెరిగినకొద్దీ బురద. హెవీ ట్రాకుమీద బాగా పరుగెత్తే గుర్రాలు వేరే ఉంటాయి. వాటిని ఇక్కడివాళ్ళు ముద్దుగా బురదబాతులు అన్నట్టు మాట్లాడుకుంటారు. మలుపులో ఒక్క గుర్రం కాలు జారితే మిగిలిన పందేలన్నీ రద్దు. అప్పుడు జాకీకి కూలి లేదు, యజమానికి బహుమతి లేదు, తెల్లవారుజామున మూడింటికి లేచి గుర్రాన్ని ట్రక్కు ఎక్కించిన పనివాడి నిద్ర కూడా వృథా.

ఈ నష్టాలు భరించలేకనే 2018లో జాన్ మెసారా అనే ఆస్ట్రేలియా గుర్రాల పెంపకందారు ప్రభుత్వం కోరికమీద ఇచ్చిన నివేదికలో, కేంబ్రిడ్జి, అవపుని, రిక్కర్టన్‌లలో మూడు కృత్రిమ ట్రాకులు వెయ్యమన్నాడు. కొన్ని పాత మైదానాలు మూసెయ్యమని కూడా అన్నాడు కనుక ఆయన పేరు చెబితే మండిపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. 2021లో కేంబ్రిడ్జిలో మొదటి పందేలు జరిగాయి. తక్కిన రెండూ తరువాత వచ్చాయి.

టకానినినుంచి దక్షిణంగా మోటారుదారి పట్టుకుంటే గంటన్నరలో కేంబ్రిడ్జి. అక్కడ పందేలు ఎక్కువగా చలికాలంలో, వారం మధ్యలో. పెద్ద జనం ఉండరు. వైకాటో పొగమంచు మధ్యాహ్నానికి గాని విడవదు. ట్రాకు దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే బూడిదరంగు ఇసుక. పిడికిట నొక్కితే కొంచెం ముద్ద అవుతుంది. ఇసుక రేణువులకు మైనం పట్టించి, అందులో సన్నని కృత్రిమ నారపోగులు కలుపుతారు. వాననీరు పైన నిలవకుండా సూటిగా కిందికి దిగి, రాళ్ళపొరలోంచి గొట్టాల్లోకి పోతుంది. ముందురోజు రాత్రంతా వాన పడినా మర్నాడు పందెం ఆగదు. జాకీ తెల్ల పంట్లాము తెల్లగానే తిరిగి వస్తుంది.

ఇక్కడి శాలల్లో ఉదయపు సవారీలకు మన దేశంనుంచి వచ్చిన కుర్రవాళ్ళూ ఉన్నారు. నేను కేంబ్రిడ్జి వెళ్ళినరోజు కంచె పక్కన నిలబడి మా ఆవిడతో తెలుగులో ఏదో అంటుంటే, కళ్ళెం చేతబట్టుకుని పోతున్న ఒక అబ్బాయి ఆగాడు. "మనోళ్ళేనా సార్?" అన్నాడు. నల్గొండవైపు పల్లె. మలక్‌పేటలో ఎనిమిదేళ్ళు సవారీ చేశాడట. గుర్రాన్ని కట్టేసి వచ్చాక చాలాసేపు మాట్లాడాడు.

"మలక్‌పేటల పొద్దుగాల ఇసుక మీదనే ఉరికిస్తం సార్. పందెం గడ్డి మీద. ఇసుక మీద గడియారం జూసి ఈ గుర్రమే గెలుస్తదని పైసలు పెట్టినోళ్ళను మస్తుమందిని జూసిన."

మరి ఈ ఇసుక ఎలా ఉందని అడిగాను.

"ఇది ఇసుకనే గాని ఇసుక లెక్క ఉండదు. కాలు లోపలికి దిగదు, జారదు. గడ్డి గట్టిగున్నప్పుడు మంచిగ ఉరికే గుర్రానికి రెండు మూడు దినాలల్ల సమజైతది. బురదల గెలిచే గుర్రాలుంటయి సూడుండ్రి, వాటికి ఇది నచ్చది. నాకైతే ఇదే మంచిగుంది. పడ్తనేమోనన్న బుగులు తక్కువ."

ఆ చివరి మాట ఏ ఫారం గైడులోనూ అచ్చుకాదు. హిందూ పత్రికలో వెనక పేజీన "శాండ్: 800 మీటర్లు, 600 మీటర్లు" అని పడే అంకెలను మన పెద్దవాళ్ళు వేదంలా చదివేవాళ్ళు. ఆ అంకెల మీద కూర్చున్న మనిషి ఇతనే కదా.

కాని భయం తక్కువ అన్నమాట ఊరికే అన్నది కాదు. అమెరికాలో జాకీ క్లబ్బు 2009నుంచి పందేలలో ప్రాణం పోగొట్టుకున్న గుర్రాల లెక్క ఉంచుతున్నది. మొదటి దశాబ్దంలో ప్రతి వెయ్యి పరుగులకు మట్టిమీద సుమారు రెండు, పచ్చికమీద ఒకటిన్నర, కృత్రిమ ట్రాకుమీద ఒకటి పైచిలుకు. అయినా అమెరికావాళ్ళు ఆ ట్రాకుల్లో చాలావాటిని పీకేశారు. అది తెలుసుకోవలసిన కథ.

2006లో కాలిఫోర్నియా రాష్ట్రం తన పెద్ద మైదానాలన్నీ కృత్రిమ ట్రాకులు వేసుకోవాలని ఆజ్ఞాపించింది. సాంటా అనితాలో వేసిన మొదటి ట్రాకు 2008 జనవరి వానలకు నీరు దిగక, పందేలు రోజులకు రోజులే ఆగిపోయాయి. వాన బాధ తీరుస్తుందని వేసినది వానకే చెడింది! మళ్ళీ మరో రకం వేశారు. ఆ అక్టోబరులో అక్కడే బ్రీడర్స్ కప్. ముఖ్యమైన క్లాసిక్ పందెంలో అందరి కళ్ళూ కర్లిన్ మీద. అంతకుముందు సంవత్సరం న్యూజెర్సీ బురదమట్టిలో అదే పందెం గెలిచింది, ఆ వసంతంలో దుబాయిలో మట్టిమీద వరల్డ్ కప్ గెలిచింది. కాగితంమీద దానికి సాటి లేదు. గెలిచింది రేవెన్స్ పాస్. రెండోది హెన్రీదనావిగేటర్. రెండూ యూరపు పచ్చికమీద పెరిగిన గుర్రాలు. కర్లిన్‌ది నాలుగో స్థానం. ఆనాడు మట్టి అంకెలు పట్టుకుని కూర్చున్న హ్యాండికాపరు గతి ఊహించుకోండి. చూడటానికి మట్టిలా ఉన్నది, గుణానికి పచ్చికకు చుట్టం.

దీన్నిబట్టి పచ్చిక గుర్రమే ఎప్పుడూ గెలుస్తుందని సూత్రం కట్టేవాళ్ళున్నారు. నాకు అది తొందరపాటు అనిపిస్తుంది. 2009లో అదే ట్రాకుమీద అదే పందెం గెలిచిన జెన్యాటాను "కృత్రిమ ట్రాకు రాణి, మట్టిమీద తేలిపోతుంది" అని ఎగతాళి చేశారు. అది మట్టిమీద ఆర్కన్సాలో రెండుసార్లు గెలిచింది. జీవితంలో 20 పరుగుల్లో ఓడింది ఒక్కటే, 2010లో కెంటకీ మట్టిమీద, అదీ తల వాసిలో. 2011లో కెంటకీ డెర్బీ గెలిచిన ఆనిమల్ కింగ్‌డమ్ అంతకుముందు మట్టిమీద ఒక్కసారి కూడా పందెంలో దిగలేదు. దాని వెనుక ఉన్న గెలుపు కృత్రిమ ట్రాకు మీదిది. కొన్ని గుర్రాలకు నేల పెద్ద లెక్కలోకి రాదు. ఏ గుర్రానికి వస్తుంది, ఏ గుర్రానికి రాదు అన్నది పరుగెత్తిస్తే గాని తేలదు.

కృత్రిమ ట్రాకు ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్నమాట కూడా పూర్తిగా నిజం కాదు. మైనం ఎండకు మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. 2007లో డెల్ మార్‌లో కొత్త ట్రాకు పొద్దుట ఒక తీరుగా, మధ్యాహ్నం ఎండలో మరో తీరుగా ఉండి, పందెం సమయాలు బాగా నెమ్మదించాయి. ఉదయం కసరత్తు చూసి లెక్కవేసినవాళ్ళు తెల్లబోయారు. మన నల్గొండ కుర్రవాడు మలక్‌పేట గురించి చెప్పింది మరో రూపంలో ఇదే.

ఇంగ్లండువాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. లింగ్‌ఫీల్డ్‌లో 1989లోనే కృత్రిమ ట్రాకుమీద పందేలు మొదలుపెట్టినవాళ్ళు గనుక అనుభవం ఎక్కువ. అక్కడ ఒకే గుర్రానికి పచ్చికమీద ఒక రేటింగు, కృత్రిమ ట్రాకుమీద మరో రేటింగు ఉండవచ్చు. శీతకాలంలో ఇసుకమీద నాలుగు గెలిచి రేటింగు పెంచుకున్న గుర్రం వేసవిలో పచ్చికమీదికి తక్కువ బరువుతో దిగుతుంది. చాకచక్యం ఉన్న ట్రైనరు దీన్ని బాగానే వాడుకుంటాడు. నాకు ఈ పద్ధతి న్యాయంగానే తోస్తుంది. ఒకచోట సంపాదించిన పేరు ఇంకోచోట చెల్లదన్నప్పుడు, ఆ పేరు బరువు మాత్రం ఎందుకు మొయ్యాలి? పాతికేళ్ళు అనుభవమున్న డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశంలో మళ్ళీ మొదటి మెట్టునుంచి పరీక్షలు రాయటం చూసినవాళ్ళం, మనకు ఇది సులభంగా అర్థమవుతుంది.

మన సంఘ సభ్యుల్లో ఒకరు, లెక్కల్లో దిట్ట, కేంబ్రిడ్జి పందేలకు పట్టికలు వేస్తుంటారు. కృత్రిమ ట్రాకుమీద కాలం నిలకడగా ఉంటుంది గనుక వారం వారం సమయాలు పోల్చవచ్చునని ఆయన వాదం. పచ్చికమీద హెవీ రోజున చేసిన సమయాన్ని గుడ్ రోజుతో పోల్చటం కంటే ఇది మెరుగే, ఒప్పుకుంటాను. అదే గుర్రాలు మళ్ళీ మళ్ళీ తలపడతాయి గనుక ఎవరి సత్తా ఎంతో తెలుస్తుంది కూడా. కాని ఆ తెలివి ఆయన ఒక్కరిదే కాదు, పందెం కాసే ప్రతివాడిదీ. అందరికీ తెలిసిన గుర్రం మీద వచ్చే రాబడి పిసరంతే. పైగా టోట్‌లో మనం వేసిన డబ్బులో సంస్థ తన వాటా ముందే తీసేసుకుని మిగిలింది పంచుతుంది. పదిమంది కలిసి విందుకు కూర్చుంటే వడ్డించేవాడు ముందే రెండు విస్తళ్ళు ఇంటికి పంపినట్టు. మిగిలిన ఎనిమిదికి పదిమంది పోటీ. ఆయన భార్య ఈ మధ్య పట్టికల పుస్తకంలోనే ఒక పక్క పేజీలో వచ్చిందీ పోయిందీ రాస్తున్నారు. ఆమెకు గుర్రాలు తెలియవు, కూడికలు తెలుసు. ఆ పేజీ చూశాకే ఆయన కాసే మొత్తం ఐదు డాలర్లకు దిగింది.

అయినా చూడాలన్న కుతూహలం ఉన్నవాళ్ళకు ఒక మాట. ఫారం గైడులో గుర్రం పేరు కింద గుడ్, సాఫ్ట్, హెవీ, సింథటిక్ అని పరుగులు విడివిడిగా ఉంటాయి. మొత్తం గెలుపుల అంకెను వదిలి, ఈనాటి నేల కింద ఉన్న అంకెను చూడండి. అక్కడ సున్నా ఉంటే ఆ గుర్రం చెడ్డదని కాదు, సాక్ష్యం లేదని. చలికాలమంతా కేంబ్రిడ్జిలో గెలిచిన గుర్రం సెప్టెంబరులో పచ్చికమీదికి మొదటిసారి వచ్చినప్పుడు ఊరికే చూడటం మంచిది. ఎల్లర్స్‌లీలో కూడా కిందినుంచి కొత్తగా కట్టిన పచ్చిక ట్రాకుమీద 2024 జనవరినుంచి పందేలు జరుగుతున్నాయి. అక్కడ పాత ఎల్లర్స్‌లీ అంకెలు కూడా జాగ్రత్తగా చదవవలసినవే.

సన్‌లైన్ ఇంత చేసీ మట్టిమీద గాని మైనపు ఇసుకమీద గాని ఒక్కసారి పరుగెత్తలేదు. 2001లో దుబాయికి తీసుకువెళ్ళినప్పుడు అదే మైదానంలో, అదే రాత్రి, మట్టిమీద అంతకంటే పెద్ద బహుమతితో వరల్డ్ కప్ జరిగింది. మెకీలు దాన్ని పచ్చిక పందెంలోనే దింపారు. మూడో స్థానం వచ్చింది. 2009లో అది చనిపోయింది. టకానినిలో మన పిల్లలకు ఆ పేరు తెలియదు. వచ్చే ఆదివారం లంగరులో కూర్చున్నప్పుడు చెప్పండి.